శ్రావణికి, ల్యాబ్‌లో చేరేముందు

చిరంజీవి శ్రావణికి,

రక్షణ శాఖ కాంపోజిట్స్ ల్యాబ్‌లో ఫెలోషిప్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం బిడ్డా. ఆ తర్వాత అరగంట సేపు "అక్కడ బాంబులు చేస్తరా తమ్ముడూ" అని ఒకటే టెన్షన్. రైలు బోగీ కింద బయో టాయ్‌లెట్ ఉంటుంది కదా, అందులోని బ్యాక్టీరియా మీద గ్వాలియర్ రక్షణ ల్యాబ్ పనిచేసింది సియాచిన్ మంచులో ఉండే జవాన్ల కోసమే అని చెప్పిన. క్షిపణులకు వాడే తేలికపాటి కాంపోజిట్‌తోనే, అంటే పోగులను జిగురుతో కలిపి గట్టిపరిచిన పదార్థంతోనే, కలాం గారి హయాంలో హైదరాబాద్‌లో పోలియో పిల్లలకు కాలిపర్లు, అదే కాళ్లకు కట్టే ఊతపట్టీలు, చేశారని, 3 కిలోల బరువు 300 గ్రాములకు దిగిందని కూడా చెప్పిన. కొంచెం కుదుటపడ్డది. రోగాల క్రిములతో ఆయుధాలు చేయకూడదన్న ఒప్పందాన్ని మన దేశం 1974లోనే ఆమోదించింది. ఆ సంగతి నువ్వే చెప్పు, నా మాట సగమే నమ్ముతది.

ఇక పని సంగతి. పుట్టపాక బిడ్డవు, పడుగు పేకల గురించి నీకు నేను చెప్పేదేముంది? కార్బన్ బట్ట కూడా అంతే. పోగు తిన్నగా ఉంటేనే బరువు మోస్తుంది, వంకర పోతే మోయదు. తేడా ఒక్కటే. మీ నాయిన పోగును వట్టి వేళ్లతో తడిమి చూస్తడు, నువ్వు గ్లౌజులు లేకుండా ముట్టుకోకు. చేతి జిడ్డు అంటిన చోట పొరలు సరిగా అతుక్కోవు. రెసిన్, అంటే ఆ జిగురు, పట్టించిన బట్టకు వెనక ఒక కాగితం ఉంటుంది. 12 పొరలు పేరిస్తే బుట్టలో 12 కాగితాలు లెక్క తేలాలి. తేలకపోతే ఒకటి లోపలే ఉండిపోయినట్టు.

ఆ బట్ట చుట్టను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్లాస్టిక్ సంచి విప్పకూడదు. చేరిన కొత్తలో, మే నెలలో, రివ్యూ దగ్గర పడిందని గంటకే విప్పేసిన. చల్లటి సీసాకు పట్టినట్టు బట్టకు చెమట పట్టింది. తుడిచి, పేర్చి, వేడితో, ఒత్తిడితో గట్టిపరిచే ఆటోక్లేవ్‌లో పెట్టిన. పలక అద్దంలా మెరిసింది గానీ, కోసి పరీక్షిస్తే ఉల్లిపొరల్లా విడిపోయింది. నోట్‌బుక్‌లో "రెసిన్ బాగాలేదు" అని రాసిన. మూడు వారాలు టీమంతా రెసిన్ వెంట పడ్డారు. చివరికి ఒప్పుకుంటే మా పెద్దాయన తిట్టలేదు, "సంచి ఎన్ని గంటలకు విప్పినవ్?" అన్నాడంతే. ఎక్కడా రాసుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడమే నాకు తిట్టు కన్నా ఎక్కువైంది.

కాబట్టి విరిగిన ముక్కను పారేయకు. దానికి నంబరు వేసి, నువ్వు చేసింది చేసినట్టు, టైముతో సహా రాసిపెట్టు. తప్పు నీదైతే ముందే రాయి. తర్వాత రాద్దామంటే చేయి రాదు.

పక్కన జీవశాస్త్రం వాళ్లుంటే స్నేహం చేసుకో, ఓపిక అంటే ఏంటో తెలుస్తది. బ్యాక్టీరియా రివ్యూ తేదీ చూసుకొని పెరగదు.

వచ్చేటప్పుడు చేతి గడియారం తెచ్చుకో. ఫోను గేటు దగ్గరే పెట్టించుకుంటారు.

మీ మామ