మెదడులో కణితి తీయించుకున్నాక ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లొచ్చు?

మెనింజియోమా ఆపరేషన్ అయి ఆరు వారాలైందనీ, కుట్లు మానిపోయాయనీ, చూసినవాళ్లంతా "బాగానే ఉన్నావు కదా" అంటున్నారనీ రాశారు. కానీ గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒళ్లు సోలిపోతోందట. వచ్చే నెల ఉద్యోగంలో చేరొచ్చా, మళ్లీ మునుపటి మనిషిని అవుతానా అని అడిగారు. ఆరో వారంలో నేను కూడా ఇదే ప్రశ్న పట్టుకుని ఏడ్చాను. అందుకే నాకు జరిగింది ఉన్నదున్నట్టు చెబుతున్నా.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండున్నరేళ్ల క్రితం నాకు ఎడమ కణత వెనక ఉన్న మెనింజియోమాను తీశారు. మెదడులోంచి కాకుండా మెదడును కప్పి ఉండే పొరల్లోంచి పుట్టే కణితి అది. బయాప్సీలో గ్రేడ్ 1 అని వచ్చింది, అంటే నెమ్మదిగా పెరిగే రకం. పైన గాయం మూడు వారాల్లో మానింది. నేను మాత్రం మూడున్నర నెలలకు సగం పూటలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు గానీ పూర్తి టైమ్‌టేబుల్ తీసుకోలేకపోయాను. ఈ అంకెలు నావి. కణితి ఎక్కడుంది, ఎంత ఉంది, ఫిట్స్ వచ్చాయా, మీరు చేసేది ఎలాంటి పని అన్నదాన్ని బట్టి మీవి వేరేగా ఉంటాయి.

మొదట నన్ను మోసం చేసింది స్టెరాయిడ్. మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తారు కదా, అది వేసుకున్నన్నాళ్లూ నాకు ఎక్కడలేని హుషారు. రాత్రి మూడింటికి లేచి పాఠాల ప్లాన్లు రాసుకున్నాను. ఇంకేముంది, నెల తిరిగేసరికి స్కూల్లో ఉంటానని హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను. డాక్టరు డోసు కొద్దికొద్దిగా తగ్గించి ఆపించాక చూడాలి, మంచం దిగి స్నానానికి వెళ్లడమే ఆ రోజుకు పనైపోయేది. జబ్బు తిరగబెట్టిందేమో అనుకున్నాను. కాదు, ఆ హుషారే నాది కాదు, మాత్రది. స్టెరాయిడ్ పూర్తిగా ఆపి కనీసం కొన్ని వారాలు గడిచేదాకా ఆఫీసుకు ఏ తేదీ చెప్పకండి. (ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు, అది డాక్టరే తగ్గించాలి.)

ఇక మీరు రాసిన ఆ సోలిపోవడం. అది మామూలు అలసట కాదని నాకు తెలుసు. మామూలు అలసట నిద్రపోతే పోతుంది. ఇది మాట్లాడుతూ ఉండగానే ఎవరో స్విచ్ ఆపేసినట్టు వస్తుంది. పది నిమిషాల ముందు సూచన కూడా ఇవ్వదు. పైగా నన్ను అలసిపోయేలా చేసింది నేను అనుకున్న పనులు కావు. తరగతిలో అరగంట నిలబడి పాఠం చెప్పగలిగాను. స్టాఫ్ రూమ్‌లో పది నిమిషాలు కూర్చోలేకపోయాను. నలుగురు నాలుగు విషయాలు మాట్లాడుతుంటే, ఫ్యాన్ చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరి ఫోనో మోగడం, అన్నీ ఒకే గట్టితనంతో చెవిలో పడేవి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అక్కర్లేని చప్పుళ్లను మెదడే పక్కకు నెట్టేస్తుంది. ఆ పని ఎంత పెద్దదో అది ఆగిపోతే గానీ తెలియదు. మీరు కంప్యూటర్ అన్నారు కాబట్టి ఒక్కసారి గమనించండి: అలసిపోతున్నది స్క్రీన్ వల్లా, లేక చుట్టూ ఉన్న మాటల వల్లా? రెంటికీ చేయాల్సింది వేరు.

మాటలు తట్టకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది. "లంబకోణం" అనే మాట రాక బోర్డు మీద బొమ్మ గీసి వేలు పెట్టి చూపించిన రోజుంది. ఇరవై ఏళ్లుగా రోజూ వాడిన మాట! పిల్లలు ఏమీ అనలేదు, ముందు బెంచీలో ఒకమ్మాయి మెల్లగా అందించింది. ఆ సాయంత్రమే న్యూరో సర్జన్‌కు చెప్తే స్పీచ్ థెరపిస్టు దగ్గరికీ, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షించే న్యూరోసైకాలజిస్టు దగ్గరికీ పంపారు. మూడు గంటల ఆ పరీక్ష నాకు చాలా మేలు చేసింది. ఏది దెబ్బతిన్నదో, ఏది బాగానే ఉందో కాగితం మీద తేలింది. ఉద్యోగంలో చేరబోయే ముందు మీకూ ఆ పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. అడక్కపోతే చాలాసార్లు ఆ ఊసే రాదు.

ఉద్యోగంలో చేరడం గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఈ రోజు ఎంతసేపు పనిచేశానన్నది లెక్క కాదు, మర్నాడు ఎలా లేచానన్నదే లెక్క. మొదటి వారం ఉత్సాహంగా నాలుగు పీరియడ్లు చెప్పి, మర్నాడూ ఆ మర్నాడూ మంచం మీదే ఉన్నాను. తర్వాత రెండు పీరియడ్లకు దిగాను. మర్నాడు మామూలుగా లేవగలిగితే, అలా రెండు వారాలు వరసగా గడిస్తేనే ఒక్క పీరియడ్ పెంచుకున్నాను. మధ్యలో సెలవు రోజు పడేలా, సోమ, బుధ, శుక్రవారాలు వెళ్లాను. ఇందుకోసం డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకునేటప్పుడు "తేలికపాటి పని" అని మాత్రమే రాయించుకోవద్దు. ఆ ముక్కను ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి, నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలి, బరువులు ఎత్తకూడదు అని విడివిడిగా రాయించుకోండి. నాకు మొదట మాటల్లో ఒప్పుకున్నవన్నీ నెల తిరక్కుండానే మర్చిపోయారు. జుట్టు పెరిగి మచ్చ కప్పుకుపోయింది, ఇంకేం జబ్బు అన్నట్టు అదనపు పని వేశారు. అప్పుడు ఆ ఉత్తరమే కాపాడింది.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటమ్ ఇచ్చారు. నెల రోజులకు నేను గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే మా అబ్బాయి మీద అరిచే మనిషినయ్యాను. వాడు నా గదిలోకి రావడం మానేశాడు. ఆపరేషన్‌తో నా స్వభావమే మారిపోయిందనుకుని లోపల్లోపల కుమిలిపోయాను. చివరికి మా ఆయన డాక్టరుకు చెప్తే, ఆ మందు కొందరిలో చిరాకు, కోపం తెస్తుందని వేరే మందుకు మార్చారు. మూడు వారాల్లో తేడా తెలిసింది. మీకూ అలాంటిదేమన్నా ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. మందు మాత్రం హఠాత్తుగా ఆపొద్దు, దానివల్లే ఫిట్స్ రావచ్చు. బండి నడపడం డాక్టరు సరే అన్నాకే. ఈ విషయంలో ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంటుంది.

కొన్ని చిన్న సంగతులకు టెన్షన్ పడకండి. మచ్చ చుట్టూ మొద్దుబారడం, దురద, ఎముక అతుక్కునేదాకా అప్పుడప్పుడు తలలో "టిక్" మనడం, కణత దగ్గర కండరం కోసినందుకు నోరు పూర్తిగా తెరవలేకపోవడం, ఇవన్నీ నాకు వచ్చి నెమ్మదిగా తగ్గాయి. కానీ గాయంలోంచి గానీ ముక్కులోంచి గానీ నీళ్లలాంటిది కారినా, జ్వరం, మెడ బిగుసుకోవడం, రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత, పిక్క వాచి నొప్పి, హఠాత్తుగా ఆయాసం ఉన్నా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మునుపటి మనిషిని అవుతానా అన్నారు. నేను ఇప్పుడు రోజుకు ఐదు పీరియడ్లు చెబుతున్నాను. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ల్యాబ్ గదిలో లైటు ఆపి కళ్లు మూసుకుంటాను, అది లేకపోతే సాయంత్రం నడవదు. పెళ్లిళ్లకు వెళ్తాను, గంటలో వచ్చేస్తాను. ఏటా ఎంఆర్ఐ తీసే ముందు వారం సరిగా నిద్రపట్టదు. పిల్లల పేర్లు ఒక్కోసారి తట్టవు, అందుకే సీటింగ్ ప్లాన్ బల్ల మీద పెట్టుకుంటాను. పాఠం మాత్రం మునుపటిలాగే చెబుతున్నాను, ఒక్కోసారి ఇంకా ఓపికగా కూడా.

వచ్చే నెల పూర్తిగా చేరే బదులు, ఇంట్లోనే రెండు వారాలు ఆఫీసు వేళకు లేచి, తయారై, రెండు గంటలు నిజమైన పని చేసి చూడండి. మర్నాడు ఎలా ఉందో రోజూ ఒక వాక్యం రాసి పెట్టుకోండి. ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే తేదీ నిర్ణయించడం ఆయనకూ తేలికవుతుంది. మీ కణితి ఏ వైపున ఉందో, ఫిట్స్ వచ్చాయో లేదో, ఇప్పుడు ఏ మందులు నడుస్తున్నాయో రాయండి, నాకు తెలిసినంతలో చెబుతాను.