గర్వంగా ఉంది అనవచ్చా, అతిశయం అనాలా?

సందేహం: మాది రాజాం. మా అమ్మాయికి నర్సింగ్‌లో సీటు వచ్చిందని ఆదివారం మందిరంలో (చర్చిలో) సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెబుతూ "మా పిల్లను చూస్తే గర్వంగా ఉంది" అన్నాను. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన "గర్వం పాపం కదమ్మా, అతిశయం అనాలి" అన్నారు. మా వీధిలో అతిశయం అంటే టెక్కు. ఏది సరైన మాట? బైబిల్లో "దీనులకు కృప" అంటారు కదా, దీనుడంటే దిక్కులేనివాడేనా? మనం అలా ఉండాలా?

సమాధానం: అమ్మా, మీ మాటలో తప్పు లేదు. ఆ పెద్దాయన మనసు చివుక్కుమనడంలోనూ తప్పు లేదు. పాత తెలుగులో గర్వానికి మంచి పేరు లేదు. ధనగర్వం, విద్యాగర్వం, గర్వభంగం, ఏది తీసుకున్నా నిందే. "గర్వకారణం", "సగర్వంగా" అన్న మెచ్చుకోలు వాడుక ఇంగ్లీషు ప్రైడ్ నీడలో పత్రికల్లో పెరిగి మన నోళ్ళలోకి వచ్చింది, స్థిరపడింది కూడా. ఇవాళ ఒక తల్లి "గర్వంగా ఉంది" అంటే ఆమెకు పొగరని ఎవరూ అనుకోరు. బైబిలు తెలుగు మాత్రం పాత అర్థం దగ్గరే ఉంది. "నాశనమునకు ముందు గర్వము నడచును" అని చిన్నప్పుడే కంఠస్థం చేసిన మనిషికి మీ మాట ములుకులా తగలడం సహజమే.

ఇక అతిశయం. సంస్కృతంలో దీనికి మించిపోవడం, ఆధిక్యం అని అర్థం. అతిశయోక్తిలో ఉన్నది ఆ అర్థమే. వాడుకలో మీరన్నట్టే "దానికి అతిశయం ఎక్కువ" అంటే టెక్కు అనే. కాబట్టి గర్వం తీసేసి అతిశయం పెట్టినంత మాత్రాన దోషం పోదు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, అంటే పౌలు పత్రికల్లో, ఇది గొప్ప చెప్పుకోవడం అన్న అర్థమున్న గ్రీకు మాటకు తెలుగు. అది మంచిదో చెడ్డదో తేల్చేది పక్కనున్న విభక్తి. "అతిశయించువాడు ప్రభువునందే అతిశయింపవలెను" అన్నచోట బరువంతా "అందే" మీద ఉంది. బైబిల్లోని యిర్మీయా గ్రంథంలో ఇదే క్రియతో జ్ఞాని తన జ్ఞానాన్నిబట్టి అతిశయించకూడదని ఉంది. క్రియ ఒకటే, ఆనుకున్న గోడ వేరు. గర్వానికి ఈ వెసులుబాటు లేదు. "ప్రభువునందు గర్వించాను" అని మన సంఘాల్లో ఎవరూ అనరు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది యేసు చెప్పిన పరిసయ్యుడు (తన భక్తిని చాటుకున్నవాడు), సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) కథ చివరి వాక్యం. తన్ను తాను హెచ్చించుకొనువాడు తగ్గింపబడును, తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఏ వాడుక భాష కోసం పోరాడారో, ఆ భాషలో "బడు" చాలా అరుదు. దొంగను పట్టుకున్నారు అంటాం గాని దొంగ పట్టుకోబడ్డాడు అనం. ఈ వాక్యంలో మాత్రం "బడు" లేకపోతే ప్రాణం పోతుంది. "కొను" మనిషి తనకు తాను చేసుకునే పని. "బడు" ఇంకొకరి చేతి పని. ఆ ఇంకొకరెవరో వాక్యం చెప్పదు, వినేవాళ్ళకు తెలుసు. మనిషి చేసుకోగలిగింది తగ్గడం వరకే. పైకి లేపడం దేవుడి వంతు.

"తన్ను తాను" అన్న మాటనూ వదలకండి. ఇంట్లో ఆడవాళ్ళనూ పనివాళ్ళనూ నోరెత్తకుండా ఉంచడానికి దీనత్వం పేరు చెప్పేవాళ్ళను చూశాను. నాకు చాలా బాధగా ఉంటుంది. ఒకరిని ఇంకొకరు అణచడానికి ఆ వాక్యంలో చోటే లేదు.

దీనుడు అన్న మాటకు లోకంలో మీరు చెప్పిన అర్థం ఉంది, "దీనంగా చూశాడు" అంటాం. గ్రీకు మూలంలోని మాటకు కింద ఉన్నవాడు, తక్కువ స్థితివాడు అని అర్థం. యేసు తన గురించి తానే "దీనమనస్సు గలవాడను" అన్నాడు. ఆయన దిక్కులేనివాడు కాడు కదా. నన్నడిగితే, తన చేతిలో ఏమీ లేదని ఎరిగి "నీవే దిక్కు" అనగలిగినవాడు దీనుడు.

కృపకు కూడా "కొను" అతకదు. "కృప చేసుకున్నాను", "కృప సంపాదించుకున్నాను" అనలేం. నాకు దొరికింది, నాకు కలిగింది అనాలి. "నేను" పక్కకు తప్పుకుని "నాకు" వస్తుంది. ఎఫెసీ పత్రికలో "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్న వెంటనే ఎవడును అతిశయపడ వీలులేదని రావడం అందుకే.

పలాసలో ఒకసారి జీడిపప్పు పనిచేసే ఒకావిడ సాక్ష్యం విన్నాను. జీడి పాలకు వేళ్ళు నల్లబడి, గోళ్ళ చుట్టూ చర్మం పొరలు లేచి ఉంది. ఆ చేతులు చీర చెంగులో దాచుకుని, కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పింది. "నాదేటుంది బాబూ, ఆయన సూసేడు" అని కూర్చుంది. ఆ పిల్లాణ్ణి చదివించింది ఆ వేళ్ళే. అది అక్కడ అందరికీ తెలుసు, ఆమె కళ్ళలో వెలుగూ కనబడింది. కానీ వాక్యంలో కర్త స్థానం ఆయనకే ఇచ్చింది.

మీరు బంధువులతో, ఆఫీసులో "గర్వంగా ఉంది" అని నిక్షేపంగా అనండి. మందిరంలో ఆ పెద్దాయన నొచ్చుకోకూడదనుకుంటే "మా పిల్లకు సీటు వచ్చింది, నా మనసు పొంగిపోయింది, దేవుడు మమ్మల్ని చూశాడు" అంటే సరిపోతుంది. పిల్ల రాత్రుళ్ళు కూర్చుని చదివిన సంగతి కూడా చెప్పండి. అది చెప్పడం గొప్పలకు పోవడం కాదు.