రూటింగును తెలుగులో ఏమనాలి?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని జాతర పాటలు, భజనలు రికార్డు చేస్తుంటాను. నేర్చుకోడానికి వచ్చే పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. డప్పు రికార్డయిన ట్రాకును తాళవాద్యాలన్నీ కలిసే దారికి, అంటే పర్కషన్ బస్‌కు, పంపామని చెప్పడానికి ‘డప్పు ట్రాక్ పర్కషన్ బస్‌కు రూట్ చేయబడినది’ అని రాస్తే ఒక మాస్టారు తప్పన్నారు. ట్రాకును ‘పథం’ అని, ఛానలును ‘వాహిక’ అని, రూటింగును ‘మార్గీకరణం’ అని దిద్దారు. పిల్లలకు ముక్క అర్థం కాలేదు. ఏం రాయమంటారు?

సమాధానం: మీ వాక్యంలో తప్పుంది. అయితే అది ట్రాకులోనో బస్సులోనో లేదు, ‘చేయబడినది’లో ఉంది. డప్పు దానంతటది ఎక్కడికీ పోదు, మీరు పంపితేనే పోతుంది. ‘డప్పు ట్రాకును పర్కషన్ బస్సులోకి మళ్లించాం’ అనండి, సరిపోతుంది.

ఈ ‘మళ్లించు’ మీ ఊళ్లో రోజూ వినపడే మాటే. కాలువ నీళ్లను తూములోంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి మళ్లిస్తారు. రూటింగంటే జరిగేదీ ఇదే. ఇంగ్లీషు ఛానలుకీ కెనాలుకీ మూలం ఒకటే, రెండూ లాటిన్ ‘కనాలిస్’ నుంచి వచ్చినవే. ఆ లెక్కన ఛానలును ‘కాలువ’ అన్నా తప్పు కాదు. కానీ అనొద్దు. పిల్లవాడు తెర మీద వెతికేది ఛానల్ అనే పేరునే కదా!

పేరు అరువు తెచ్చుకోవడం మీ డెల్టాకు కొత్తా? 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. పడవలు దాటడానికి కాలువల మీద కట్టిన ‘లాక్’ మన నోట ‘లాకు’ అయింది. లాకుల దగ్గర దిగేవాళ్లెవరికీ అది పరాయి మాటని తోచదు. ఇంగ్లీషువాళ్లు రాసుకున్న ‘అనికట్’ మాత్రం తమిళం నుంచి తీసుకున్నది! నామవాచకం ఎక్కడినుంచైనా రావచ్చు, క్రియ మాత్రం మనదై ఉంటే వాక్యం తెలుగులా నడుస్తుంది.

‘సెండ్’, అంటే ట్రాకులోని శబ్దం నకలును ఇంకోచోటికి పంపే ఏర్పాటు, దాని దగ్గర కొంచెం జాగ్రత్త. గొంతు ట్రాకు నుంచి రివర్బుకు (గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చేది) సెండ్ పెడితే దాన్ని ‘మళ్లించాం’ అనకూడదు. మళ్లిస్తే అసలుది దారి మారిపోయిందని అర్థం. ‘పాయ తీశాం’ అందామా అంటే, వసిష్ఠ నుంచి వైనతేయ చీలినట్టు అసలు ప్రవాహం తగ్గాలి. ఇక్కడ ఏమీ తగ్గదు. గొంతు తన దారిన తాను మాస్టరుకు, అంటే అన్నీ కలిసి బయటికి వచ్చే చివరి ఛానలుకు, పోతూనే ఉంటుంది, దాని నకలు రివర్బుకు వెళుతుంది. శివారు చేలకు నీరందలేదనే గొడవ శబ్దానికి లేదు. ‘గొంతు నకలును రివర్బుకు పంపు’ అని రాయండి.

పథం, వాహిక ఎందుకు పనికిరావో చెబుతాను. మామూలుగా రికార్డయిన శబ్దం ఉండేది ట్రాకులో, మిక్సరులో దాని పట్టీ ఛానలు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరులో ఇది తిరగబడుతుంది. అక్కడ ఛానల్ ర్యాకులో వాయిద్యాలుండేవి ఛానళ్లు, మిక్సరులో ఉండేవి ట్రాకులు. రీపరు అనే ఇంకో సాఫ్ట్‌వేరులో అన్నీ ట్రాకులే, బస్సు పని కూడా ట్రాకే చేస్తుంది. ఒకచోట కుదిరిన పథం ఇంకోచోట వాహిక అయి కూర్చుంటుంది. పిల్లలకు లేనిపోని టెన్షన్.

బస్సుకు మాత్రం మొహమాటపడకండి. ‘ఆమ్నిబస్’ అంటే లాటిన్‌లో ‘అందరికీ’ అని. రోడ్డు మీది బస్సూ ఇదీ ఆ మాటలోంచే వచ్చాయి. డప్పు, డోలు, తాళాలు అన్నీ ఒకే బస్సెక్కితే ఒక్క ఫేడరుతో హెచ్చుతగ్గులు చూసుకోవచ్చు.

ఇక వర్ణక్రమం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ట్రాకు, ట్రాకులు. హోటళ్లు, స్కూళ్లు లాగే ఛానళ్లు. ‘ఛ’కు ఒత్తు ఎందుకని కొందరు అడుగుతారు. ఇంగ్లీషులో ఆ ఒత్తు లేని మాట నిజమే. కానీ ‘చా’ అని రాస్తే చాప, చాలు అన్నప్పటి దంత్య చకారం పలుకుతారేమోనన్న అనుమానం ఉంది. అందుకని ‘ఛానల్’ రాయడాన్ని నేను తప్పు పట్టను. నోట్సంతా ఒకేలా రాయండి చాలు.