సిక్కోలు తమ్ముడి త్రీనాట్‌త్రీ సందేహం

ప్రశ్న: అన్నా, మాది నరసన్నపేట దగ్గర పల్లె. హెచ్‌1బి మీద టెక్సాస్ వచ్చాను. మా నాన్న మిలిటరీలో చేసి రిటైరయ్యారు. ఇక్కడ గన్ షోలో మన బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైన పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ చూశాను. కొనుక్కోవచ్చా? కాల్చొచ్చా? వేసవికి నాన్న వస్తున్నారు, ఆయన చేతిలో పెట్టాలని ఆశ.

జవాబు: నీ ఆశ నాకు బాగా తెలుసు తమ్ముడూ. మన జిల్లాలో మిలిటరీకి మనిషిని పంపని ఊరు అరుదు. ఎన్‌సీసీ డ్రిల్లులో మనం భుజాన మోసిందీ, స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీ చేతిలో చూసిందీ ఆ తుపాకీనే. యూపీ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పెరేడ్ దాకా దాన్ని దించలేదు. ఇండియాలో అది నిషిద్ధ బోరు (పౌరులకి ఇవ్వని తూటా సైజు), మామూలు మనిషికి లైసెన్సు రాదు. అలాంటిది ఇక్కడ ధర చీటీతో బల్ల మీద కనిపిస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. నువ్వు మాత్రం ఆపుకో. ముందు నీ వీసా సంగతి చూద్దాం.

నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గాని, తూటా గాని దగ్గర ఉంచుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1, విజిటర్ వీసా అన్నీ అందులోకే వస్తాయి. కాల్పుల రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో అరగంట కాల్చినా చట్టం దాన్ని ఉంచుకున్నట్టే లెక్కేస్తుంది. గడువున్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, రూమ్మేట్లు నీకు చెప్పేదీ అదే. అది నిజమే గాని, ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాడు అదే రైఫిల్ నీ అల్మారాలో ఉంటే నేరం. ఆయుధాల కేసులో శిక్ష పడితే ఉద్యోగం ఒక్కటే కాదు, దేశం నుంచే పంపించేస్తారు. మనవాళ్లకి గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో తెలిసీ చెబుతున్నాను, అది చేతికొచ్చేదాకా కొనకు. హంటింగ్ లైసెన్సు దారిలోనే వెళ్తానంటావా, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు, గన్ షాపువాణ్ణి కాదు.

ఇంకో మాట కూడా నీ చెవిన పడుతుంది: 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకీ ఫెడరల్ చట్టంలో ‘యాంటిక్’, దానికి ఈ నిషేధం లేదని. తుపాకీ వరకూ అది సరే. కానీ ఆ తూటా ఆధునిక తుపాకుల్లోనూ పేలేదైతే తూటా మీద నిషేధం పోదు. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. నువ్వు చూసిన త్రీనాట్‌త్రీ మార్క్ 3 అయితే ఆ నమూనాయే 1907లో వచ్చింది, దానికి ఈ వెసులుబాటు అసలు లేదు.

గ్రీన్‌కార్డు వచ్చాక షాపులో తుపాకీ కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. అందులో గంజాయి గురించి ఒక ప్రశ్న ఉంటుంది. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ లెక్క వేరు, ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదే పెద్ద నేరం. ఇంట్లో వీసా మీదున్న రూమ్మేట్లుంటే రైఫిల్ సేఫ్‌లో పెట్టి తాళం నీ దగ్గరే ఉంచుకో.

నాన్నగారి విషయం చెప్పడం నాకు కష్టంగానే ఉంది. జీవితమంతా ఆయుధం మోసిన మనిషే అయినా విజిటర్ వీసా మీదున్నప్పుడు ఆయన చేతికి ఇవ్వకూడదు, ఫోటో కోసమైనా. నీకు గ్రీన్‌కార్డు వచ్చాక నువ్వు కాలుస్తుంటే వెనక కూర్చుని చూడొచ్చు. నీ పట్టు సరిగ్గా లేకపోతే తిట్టి దిద్దొచ్చు. ఆయనకి అది చాలా పెద్ద సంతోషం, నమ్ము.

ఇక రైఫిల్. బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే ఉక్కు కడ్డీ) పిడి కింద, కర్ర మొదలయ్యే చోట ఉక్కు మీద అక్షరాలు చూడు. కిరీటం, జీఆర్‌ఐ (జార్జ్ చక్రవర్తి గుర్తు), ఇషాపూర్, సంవత్సరం ఉంటే బ్రిటిష్ పాలనలో చేసింది. మూడు సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ఉంటే స్వాతంత్ర్యం తర్వాతది. కింద తూటాలు పట్టే మ్యాగజైన్ చదరంగా ఉంటే అది త్రీనాట్‌త్రీ కాకపోవచ్చు. 1960ల్లో ఇషాపూర్ వాళ్లు 7.62 తూటాకి చేసిన 2ఏ రకం ఉంది. కొన్ని త్రీనాట్‌త్రీలనైతే లోపలి గొట్టం మార్చి .410 మస్కెట్లుగా (చిన్న షాట్‌గన్‌ లాంటివి) చేశారు, వాటిలో రైఫిల్ తూటా పెడితే ప్రాణాల మీదకి వస్తుంది. ముందు కర్ర చుట్టూ తీగ చుట్టినవి గ్రెనేడ్లు విసరడానికి వాడినవి, వాటిని కాల్చకు, గోడకి పెట్టుకో.

కాల్చేముందు గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడు) హెడ్‌స్పేస్ కొలిపించు. బోల్టు ముఖానికీ తూటా కూర్చునే చోటుకీ మధ్య ఖాళీ అది. ఎక్కువైతే తూటా కేసు చీలి వేడి వాయువు నీ ముఖం మీదకి కొడుతుంది. బోల్టు మీది నంబరు, తుపాకీ నంబరు ఒకటేనా చూడు. కర్రని గరుకు కాగితంతో రుద్దకు, పాత ముద్రలు పోతే విలువా పోతుంది. అవిసె నూనె పల్చగా పట్టించి ఆరనివ్వు, సైనికులూ అదే రాసేవారు.

మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి, ఐదైదు చొప్పున క్లిప్పుతో ఎక్కిస్తారు. ప్రతి తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. బోల్టు ముందుకు నెట్టేటప్పుడు స్ప్రింగు అడ్డుతుంది, భయపడకు, ఆ తయారీయే అంత. బట్‌ని (కర్ర వెనక చివర) భుజం గుంటలో గట్టిగా ఆనించు, వదులుగా పట్టుకుంటే తన్ను బాగా తగులుతుంది. చెవులకీ కళ్లకీ రక్షణ తప్పదు. టప్పుమని పిన్ను కొట్టి తూటా పేలకపోతే బోల్టు వెంటనే తెరవకు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగు, పాత తూటాలు ఆలస్యంగా పేలుతుంటాయి.

పాత మిలిటరీ తూటాల ప్రైమర్‌లో (అడుగున నిప్పు రాజేసే మందు) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది మండాక మిగిలే లవణం తేమని లాగి గొట్టం లోపల తుప్పు పట్టిస్తుంది. బీచ్‌లో బైకు వదిలేస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా. నూనె ఆ లవణాన్ని కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. అదే రోజు మరిగే నీళ్లు గొట్టంలో పోసి, ఆరాక గుడ్డ చుట్టిన కడ్డీతో తుడిచి, అప్పుడు నూనె పెట్టు. దీన్ని రేపటికి వాయిదా వెయ్యకు.

దసరాకి పూజలో పెట్టాలనిపిస్తే బోల్టు తీసేసి పెట్టుకో, ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఫోటో వద్దు. రైఫిల్‌ని సిక్కోలు తీసుకెళ్లే ఆలోచన పూర్తిగా మానుకో. నిజంగా మనవాళ్లు చిక్కుకునేది తూటాల దగ్గర. రేంజికి వాడిన బ్యాగునే ఇంటికి తీసుకెళ్తారు, అడుగు జేబులో ఒకటి మిగిలిపోతుంది. విశాఖ ఎయిర్‌పోర్టు స్కానర్‌కి అది దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. తెలీక వచ్చిందని చివరికి కోర్టు నమ్మినా, ఈలోగా సెలవులన్నీ స్టేషన్ చుట్టూ, లాయర్ల చుట్టూ తిరగడానికే సరిపోతాయి. పేలిన తూటా ఖాళీ తొడుగు కూడా ఉంచుకోకు. రేంజికి ఒక బ్యాగు విడిగా పెట్టుకో, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లోవాళ్లకీ చెప్పు. మీ ఆవిడ ఊరికి సామాన్లు సర్దేటప్పుడు ఆ బ్యాగు ఆమె చేతికి అందకూడదు.