జూమ్‌లో ట్రైనింగ్ ఇవ్వబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

వచ్చే నెల నుంచి మందస మండలంలో డ్వాక్రా సంఘాల లెక్కలు చూసే వి.వో.ఏ.లకి జూమ్‌లో ట్రైనింగ్ నువ్వే ఇస్తావట, మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పీపీటీ కూడా చూశాను. ఏటమ్మా అన్ని స్లయిడ్లు? ఒక్కో దాంట్లో పేరాలకి పేరాలు. పోనీ వాళ్ళు చదవగలరా అంటే, అందరూ చూసేది అరచేతిలో ఫోన్లోనే కదా. పది ఉంచి మిగతావి తీసెయ్. ఉంచినవాటిలో కూడా ఎక్సెల్ పట్టీ అసలు చూపించకు, ఫోన్లో అది చీమల బారులా కనిపిస్తుంది. దాని బదులు సంఘం పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి ముందు రోజే గ్రూపులో పెట్టు, వాళ్ళ పుస్తకం, పెన్సిలూ దగ్గర పెట్టుకుని కూర్చోమను. చేతిలో పుస్తకం ఉంటే మనిషి మీటింగ్‌లో ఉంటుంది, లేకపోతే ఫోన్ గూట్లో పెట్టి అన్నం వార్చుకుంటుంది, అందులో ఆవిడ తప్పేం లేదు.

టైము నువ్వు పెట్టకు, వాళ్ళని అడుగు. ఉద్దానంలో జీడి పిక్కల రోజుల్లో పొద్దున్న పదింటికి పెట్టావంటే సగం మంది తోటలోంచే జాయినవుతారు. కెమెరా విషయంలో కూడా పట్టుబట్టకు. ఒక అంచనా ప్రకారం జూమ్‌లో గ్రూపు వీడియో కాల్‌కి గంటకి ఇంచుమించు 800 ఎంబీ నుంచి 2.4 జీబీ దాకా అవుతుంది. రోజుకి జీబీన్నర ప్యాక్ వేసుకున్న మనిషికి నీ మీటింగ్ అయ్యేసరికి ఏం మిగులుతుంది చెప్పు? మొదట్లో అందరినీ పలకరించేటప్పుడు కెమెరా పెట్టమను, తర్వాత ఎవరు మాట్లాడితే వాళ్ళు పెడితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆన్‌లైన్‌లో కొత్తగా చెప్పేవాళ్ళని కంగారు పెట్టేది నిశ్శబ్దం. "అర్థమైందా అండీ?" అంటావు, ఎవరూ పలకరు, నీకు టెన్షన్ పట్టుకుని జవాబు కూడా నువ్వే చెప్పేసి తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళిపోతావు. రెండుసార్లు అలా జరిగిందంటే ఇక వాళ్ళు నోరు విప్పరు, ఎలాగూ నువ్వే చెప్పేస్తావని తెలిసిపోయింది కదా. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ప్రశ్న అడిగి ఆపగానే, సగటున సెకనులో ఐదో వంతులో రెండోవాళ్ళు అందుకుంటారని పది భాషల్లో మాటలు రికార్డు చేసి పోల్చినవాళ్ళు 2009లో తేల్చారు. మన చెవి ఆ వేగానికి అలవాటు పడిపోయింది. జూమ్‌లోనేమో మాట చేరడానికే కొంత ఆలస్యం, ఆపైన మ్యూట్ బొమ్మ వెతుక్కోవాలి, ఇంకెవరైనా ముందు మాట్లాడతారేమోనని ఆగాలి. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ 1970ల్లోనే క్లాసుల్లో టేపులు పెట్టి విన్నది. టీచర్లు ప్రశ్న అడిగి ఇంచుమించు ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పనివాళ్ళు కూడా విప్పారు. అది గదిలో. నువ్వు జూమ్‌లో మనసులో పది దాకా లెక్కపెట్టు. చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా సరే.

అసలు "అర్థమైందా" అన్నదే పనికిమాలిన ప్రశ్న, దానికి కాదని ఎవరంటారు? ఇలా అడుగు: "పదివేలు అప్పు మిగిలి ఉంది, నెలకి నూటికి రూపాయి వడ్డీ, ఈ నెల కంతు 1,100 కట్టింది, 'అసలు' కాలమ్‌లో ఎంత రాస్తారు?" చాట్‌లో అంకె ఒక్కటే కొట్టమను, కానీ నువ్వు చెప్పేదాకా పంపొద్దను. ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకేసారి పంపాలి. అలా అయితే ఎవరూ పక్కవాళ్ళది చూసి రాయరు, తప్పు చెప్తానేమోనన్న బిడియం కూడా ఉండదు. జవాబు 1,000, వడ్డీ వంద పోను. 1,100 అని సగం మంది పంపారనుకో, వడ్డీ విడదీయడం రావట్లేదని తేలిపోయింది, మిగతా స్లయిడ్లన్నీ ఆపేసి అదే చెప్పు. నోటితో చెప్పించాలంటే పేరో ఊరో ముందు పిలిచి, ప్రశ్న తర్వాత వెయ్యి. "హరిపురం అప్పా, ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను" అంటే ఆవిడ సర్దుకుని మ్యూట్ తీసుకునే టైము దొరుకుతుంది. ప్రశ్నంతా అడిగేసి చివర్లో చటుక్కున పేరు పిలిస్తే పోలీసు విచారణలా ఉంటుంది. వాళ్ళలో చాలామంది నీకంటే పెద్దవాళ్ళు కూడా, ఆ మర్యాద మర్చిపోకు.

నీ గొంతు బాగా వినిపించడం నీ మొహం కనిపించడం కంటే ముఖ్యం. ఫ్యాన్ ఆపు, ఉక్కపోసినా సరే. వైరు ఇయర్‌ఫోన్ వాడతావు కదా, ఆ వైరు మధ్యలో చిన్న గుళిక లాంటిది ఉంటుందే, అదే మైకు. అది చున్నీకో గొలుసుకో రాసుకుందంటే నువ్వు తల తిప్పినప్పుడల్లా అవతల అందరి చెవుల్లో కరకరమంటుంది, నీకు మాత్రం ఏమీ తెలీదు. కాలర్‌కి బట్టల క్లిప్పు పెట్టుకుని వైరు నిలబెట్టు.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగ్ తెగిపోతుంది. దాని గురించి బెంగ వద్దు, మంచిదే. 35కి ఆపి, పది నిమిషాలు టీ తాగి రమ్మని మళ్ళీ మొదలెట్టు. ఒక్కదానివే నడపకు, ఆఫీసులో ఎవరినైనా తోడు పెట్టుకో, చాట్ చూడటం వాళ్ళ పని. గాలీ వానా వస్తే మన దగ్గర కరెంటు సంగతి నీకు తెలుసు, నీ లైను పోయినా నువ్వు తిరిగొచ్చేదాకా వాళ్ళు అందరినీ మాటల్లో ఉంచుతారు.

బ్రేకౌట్ రూములు, అంటే మీటింగ్‌లో వాళ్ళని చిన్న గుంపులుగా విడదీసే సౌకర్యం, వాడాలనుందట. వాడు, కానీ రూముకి ముగ్గురో నలుగురో, ఒక్క పని, ఐదు నిమిషాలు. ఏం చెయ్యాలో పంపకముందే చెప్పి గ్రూపులో కూడా రాసిపెట్టు, రూములోకి వెళ్ళాక మామూలుగా నీ స్క్రీన్ వాళ్ళకి కనపడదు.

నీ మొహం నీకే కనిపించే పెట్టె దాచేసుకో, జూమ్‌లో ఆ సౌకర్యం ఉంది. గంటల తరబడి మనల్ని మనమే చూసుకోవడం అలసటకి ఒక కారణమని 2021లో స్టాన్‌ఫర్డ్‌లో బెయిలెన్సన్ అనే ఆయన రాశాడు. నాకైతే జుట్టు సర్దుకోవడం తగ్గింది, అంతే.

శనివారం రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి లింకు పెట్టు, నేనూ మీ అత్తా చెరో గదిలోంచి జాయినవుతాం. అత్తది పాత ఫోను, అందులో నీ స్లయిడ్ చదవగలిగితే ఎందులోనైనా చదవొచ్చు. ఆ కంతు ప్రశ్న అత్తని అడుగు, నన్ను కాదు. సంఘం లెక్కలు ఆవిడకే బాగా వచ్చు.

మీ మావయ్య