రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ముత్తాత వివరాలు ఎలా వెతకాలి? ఇంట్లో ఒక పతకం తప్ప ఏమీ లేదు.

ముందు ఆ పతకం అంచు చూడండి, భూతద్దంతో. భారత సైన్యానికి ఇచ్చిన యుద్ధ పతకాల అంచు మీద సాధారణంగా సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పేరు కంటే నంబరే ముఖ్యం.

ఎందుకంటే మన పేర్లతోనే అసలు తలనొప్పి. భర్తీ చేసుకున్న గుమాస్తా ఇంటిపేరు వదిలేసి ఉండొచ్చు, 'వెంకట' అన్నదాన్ని ఇంగ్లీషులో ఒకచోట 'కె'తో, మరోచోట 'సి'తో రాసి ఉండొచ్చు. అన్ని రకాలుగా వెతకాలి. జిల్లా కూడా అప్పటిదే చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, అంతకుముందు ఆ ఊళ్లు చాలావరకు విశాఖపట్నం జిల్లా కిందే.

యుద్ధంలో చనిపోయి ఉంటే పని కాస్త సులువు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారి జాబితా ఉచితంగా దొరుకుతుంది. చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. బర్మాలో పోయి సమాధి దొరకనివారి పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి.

తిరిగొచ్చినవారు మాత్రం ఆ జాబితాలో ఉండరు. వాళ్ల కోసం ఆ దళం రికార్డు ఆఫీసుకే ఉత్తరం రాయాలి: మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లయితే (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) బెంగళూరు. పెన్షన్ వచ్చేదేమో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఆ పాత పుస్తకం ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండొచ్చు.