దుందుడుకు రోబో గూఢచారి పక్కనున్న మనిషి పాఠకులకు ఎందుకు గుర్తుండదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పిల్లల కోసం మీరు రాస్తున్న ధారావాహికలో ఒక రోబో గూఢచారి వెనకాముందు చూడకుండా ప్రతి పనిలోకీ దూకుతాడు, అతని సహచరి ఆ గందరగోళాన్నంతా ఎవరి కంటా పడకుండా సర్దిపెడుతుంది, అయినా చదివినవారు రోబో గురించే మాట్లాడుతున్నారు తప్ప ఆమె పేరు కూడా గుర్తుపెట్టుకోవడం లేదు. రోబో రాయబార కార్యాలయం అద్దాలు పగలగొడితే ఆమె తెల్లవారేలోగా కొత్తవి బిగించే భాగాన్ని ఉదాహరణగా చెప్పి, ఆమెకు మరిన్ని సన్నివేశాలు ఇస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. నేను సరిగ్గా అదే పని చేసి కథను పాడుచేసుకున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పిల్లల కోసం పన్నెండు భాగాల ఆడియో ధారావాహిక ఒకటి రాశాను. అందులో ఉక్కన్న అనే రోబో గూఢచారి ఉండేవాడు. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. శత్రువుల గోదాములో ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టి రమ్మంటే, గోడ పగలగొట్టుకుని లోపలికి వెళ్లి, పెట్టెలన్నీ మోసుకొచ్చి, అధికారుల ముందు వరుసగా పేర్చి లెక్క అప్పజెప్పేవాడు. శారద అతని జోడీ. గోడ కూలడానికి పాత పునాదే కారణమని కాపలావాళ్లను నమ్మించడం, పెట్టెలను ఎక్కడివక్కడ పెట్టించడం, చివరికి కూర్చుని 'కార్యం నిర్విఘ్నంగా ముగిసింది' అని నివేదిక రాయడం ఆమె వంతు. మొదటి నాలుగు భాగాలు విన్న పిల్లలను కూర్చోబెట్టి శారద ఎలా ఉందని అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె, "ఆమె కూడా రోబోయేనా?" అని అడిగింది.

ఇంటికి వచ్చి రాతప్రతి మళ్లీ చదివితే, ఆ పిల్ల చాలా జాగ్రత్తగా విన్నదని అర్థమైంది. ఉక్కన్న పొరబడతాడు, కంగారుపడతాడు, పొగిడితే పొంగిపోతాడు. శారదకు అలసట లేదు, విసుగు లేదు, పొరపాటు అసలే లేదు, ఏ క్షణానికి ఏది కావాలో అది ఆమె సంచిలో సిద్ధంగా ఉంటుంది. యంత్రానికి మనిషి గుణాలన్నీ పంచిపెట్టి, మనిషికి యంత్రం గుణాలు మిగిల్చింది నేనే. అది గ్రహించి కూడా అప్పటికి నాకు తోచిన మందు సన్నివేశాలు పెంచడమే. ఐదో భాగంలో శారద మేడల మీద నుంచి దూకింది, తాళాలు తెరిచింది, సంకేతలిపిని విప్పింది. దాంతో కథలో ఇద్దరు ఉక్కన్నలు తయారయ్యారు, పిల్లలు మాత్రం నవ్వించేవాడినే పట్టుకున్నారు.

ఇక్కడ నా పాత ఉద్యోగం ప్రస్తావన తేవాలి. రచనలోకి రాకముందు నేను ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే విభాగంలో పనిచేశాను. నా పక్కన కూర్చునే సహోద్యోగి మహా చురుకైనవాడు, అంతే తొందరపాటు మనిషి. పరీక్ష పూర్తికాకుండానే రాత్రివేళ మార్పులు విడుదల చేసి ఇంటికి వెళ్లిపోయేవాడు. నేను పొద్దున్నే వచ్చి విరిగినవి అతికించి, అతని మీది ఇష్టం కొద్దీ ఎక్కడా నమోదు చేయకుండా ఊరుకునేవాడిని. ఏడాది చివర అతనికి ప్రశంసలతోపాటు ఇంకా పెద్ద బాధ్యత దక్కింది. నా కష్టం ఎవరికీ కనిపించలేదే అని చాలాకాలం బాధపడ్డాను కానీ, అతనికి తన తప్పులు తెలిసే దారిని నేనే మూసేశానన్న సంగతి శారద గురించి ఆలోచిస్తున్నప్పుడుగాని తట్టలేదు. అతని దూకుడుకు ఏటా ఎరువు వేసింది నా మౌనమే.

యంత్రం విషయంలో ఇది మరీ నిజం. నేర్చుకునే యంత్రానికి మంచీచెడూ దానంతట అది తెలియవు. ఏది లెక్కలోకి వస్తే అదే మంచి. 2016లో కృత్రిమ మేధ సంస్థ ఓపెన్ఏఐ పరిశోధకులు పడవ పందెం ఆట ఒకదానిలో ఒక ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చారు. ఆ ఆటలో దారి పొడవునా ఉన్న లక్ష్యాలను తాకితే పాయింట్లు వస్తాయి. ప్రోగ్రాము పందెం పూర్తిచేయడం మానేసి, ఒక చోట గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే మూడు లక్ష్యాలను కొడుతూ, మంటలంటుకుంటున్నా ఇతర పడవలను ఢీకొంటున్నా పట్టించుకోక, మనుషులు తెచ్చుకున్న దానికంటే సగటున 20 శాతం ఎక్కువ పాయింట్లు సంపాదించింది. మంటలకు పాయింట్లు తెగ్గోయలేదు కాబట్టి దాని దృష్టిలో మంటలు లేనట్టే. ఉక్కన్న కూడా అంతే కదా అనిపించింది. అతను నేర్చుకునేది శారద రాసే నివేదికల నుంచి. వాటిలో గోడ కూలలేదు, కాపలావాడి చెయ్యి విరగలేదు, అంతా నిర్విఘ్నమే. మరి వచ్చేసారి తలుపు వెతుక్కోవలసిన అవసరం అతనికేముంది?

ఆ రోజుతో కథ మారిపోయింది. అతని దుడుకుతనాన్ని సృష్టిస్తున్నది ఆమె దాపరికమే అయినప్పుడు, ఆమెను ముందుకు తేవడానికి దూకుళ్లు అక్కర్లేదు, ఆమె కలం చాలు. మీ సహచరి కూడా ఎందుకు కప్పిపుచ్చుతోందో మీరు ముందుగా తేల్చుకోవాలి. ప్రేమతోనా, రోబోను తుక్కు కింద వేస్తారన్న భయంతోనా, ఒకసారి మొదలుపెట్టిన అబద్ధాన్ని ఆపలేకనా? నా శారదకు మొదట రెండోదీ, పోనుపోను మూడోదీ కారణమయ్యాయి.

కప్పిపుచ్చడంలో ఎంత కథ ఉందో తెలుసుకోవాలంటే రెండో ప్రపంచయుద్ధ కాలపు గార్బో ఉదంతం చూడండి. గార్బో అనేది హువాన్ పుజోల్ అనే స్పెయిన్ దేశస్థుడికి బ్రిటన్ పెట్టిన మారుపేరు. జర్మన్లు తమ గూఢచారి అనుకున్న ఆయన నిజానికి బ్రిటన్ పక్షాన పనిచేస్తూ, లేని సహాయకులను 27 మందిని కల్పించి వారి పేరుతో కబుర్లు పంపేవాడు. ఆ కల్పనలో సగం చెయ్యి బ్రిటన్ భద్రతా సంస్థ ఎంఐ5 అధికారి టోమస్ హారిస్‌ది. పుజోల్ పేరు విన్నవారిలో హారిస్ పేరు విన్నవారు తక్కువ. 1942లో ఉత్తర ఆఫ్రికా మీద దాడికి బ్రిటన్ పక్షం నౌకలు సిద్ధమవుతున్నప్పుడు, రేవు పట్టణం లివర్‌పూల్‌లో ఉన్నట్టు చెప్పిన కల్పిత సహాయకుడికి అవి కనిపించలేదంటే జర్మన్లకు అనుమానం వస్తుంది. అందుకని అతనికి జబ్బు చేసిందన్నారు, తర్వాత చంపేశారు, స్థానిక పత్రికలో మరణవార్త కూడా వేయించారు, ఆ లేని మనిషి భార్యకు సాయంగా సొమ్ము ఇచ్చేందుకు జర్మన్లనే ఒప్పించారు. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఒక చావు, ఒక ప్రకటన, ఒక పింఛను కావలసి వచ్చాయి. నాకు ఇందులో నచ్చేది తెలివి కంటే ఆ చాకిరీ. మీ కథలో అద్దాలు బిగించిన మర్నాడు ఆ చాకిరీ ఎక్కడా కనిపించదు. అద్దాలు ఎవరి దగ్గర తెచ్చింది, ఏం చెప్పి తెచ్చింది, ఆ మనిషి రేపు ఎదురుపడితే ఏమంటుంది?

నేను ఆరో భాగం నుంచి ఈ ఖర్చులు రాయడం మొదలుపెట్టాను. శారద ఒక కాపలావాడిని నమ్మించడానికి తనకు లేని తమ్ముడిని కల్పిస్తుంది. ఏడో భాగంలో ఆ కాపలావాడు తమ్ముడి కాలు నయమైందా అని ఆప్యాయంగా అడుగుతాడు, అప్పటికి ఆమె కాలు అన్నదో చెయ్యి అన్నదో మరిచిపోయి తడబడుతుంది. ఆమె తడబడిన మొదటి చోటు అదే. పిల్లలు ఆమెను చూసి నవ్విన మొదటి చోటు కూడా అదే.

రోబో శక్తిని అదుపులో పెట్టడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1970ల్లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ తూనీగ ఆకారంలో ఒక గ్రాము బరువున్న ఎగిరే యంత్రాన్ని తయారుచేసింది. అది సుమారు 200 మీటర్ల దూరం, ఒక నిమిషం పాటు ఎగరగలిగేది, దారి చూపడానికి లేజర్ కిరణం కావాలి, అడ్డగాలి వీస్తే అదుపు తప్పేది. ఆ గాలి బాధ వల్లే దానిని వాడుకలోకి తేలేదు. మీ రోబో ఏమైనా చేయగలడు కాబట్టి పక్కనున్న మనిషి అవసరం పాఠకుడికి తోచడం లేదు. అతనికి గాలి వంటి బలహీనత ఒక్కటి ఇవ్వండి, అది ఆమెకు మాత్రమే తెలియనివ్వండి.

తొమ్మిదో భాగంలో శారద మొదటిసారి ఉన్నదున్నట్టు నివేదిక రాస్తుంది. కూలిన గోడలు, గాయపడిన మనుషులు, తాను కల్పించిన తమ్ముడు, అన్నీ. ఉక్కన్న దానిని రాత్రంతా చదువుతాడు. మర్నాడు శత్రువుల స్థావరం ముందు నిలబడి, గోడవైపు చూసి, తలుపువైపు చూసి, మెల్లగా తలుపు తడతాడు. గూఢచారి తలుపు తట్టాడని పిల్లలు పగలబడి నవ్వారు. మునుపు శారద రోబోయేనా అని అడిగిన పిల్ల మాత్రం నవ్వకుండా, "ఇప్పుడు ఆవిడ ఉద్యోగం తీసేస్తారా?" అంది. ఆ సంగతి నేను అంతవరకు ఆలోచించనే లేదు. మిగిలిన మూడు భాగాలూ ఆ ప్రశ్న మీదే నడిచాయి.

మీరు కొత్త భాగం మొదలుపెట్టే ముందు ఆ రాయబార కార్యాలయం భాగాన్ని ఒకసారి తిరగరాసి చూడండి. అద్దాలన్నీ బిగించాక ఒక్క కిటికీ మాత్రం ఆమెకు సమయం చాలక పగిలినదిగానే ఉండిపోనివ్వండి.